గట్టు దగ్గర ఆగిపోయిన నగరం

మిట్టపాడు పొలాల కింద నగరం లేదు. ఉద్యోగంలో ఉండగా ఈ మాట అన్నందుకు నన్ను తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులు సర్దే గదిలో కూర్చోబెట్టారు. ఇప్పుడు రిటైరయ్యాను, ఇక కూర్చోబెట్టడానికి ఎవరి దగ్గరా గది లేదు. కాబట్టి ఈసారి నింపాదిగా, మొదటినుంచి చెబుతాను.

పాత ఊళ్ల ఆనవాళ్లు వెతికి, తవ్వి, కాలం కట్టే ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను పనిచేశాను. నా చదువు భూగర్భశాస్త్రం. చరిత్ర చదివినవారి మధ్య మట్టి చదివిన మనిషిని. ఎవరైనా "ఇది ఫలానా కాలంనాటిది" అంటే, ఆ మట్టి కూడా ఆ మాటే అంటోందా అని చూడడం నా పని. కార్యాలయం పేరు రాయను. ఊరి పేరూ మనుషుల పేర్లూ మార్చాను. మిగతాది మార్చలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఏ పరికరం కొనాలి, ఏ కోర్సు చేయాలి అని నన్ను అడుగుతుంటారు. అవి ఎవరైనా చెబుతారు. నేను ఒక చిన్న ఊరి చరిత్ర చెబుతాను. చాలా చిన్న ఊరు. దాని చరిత్రను నిలబెట్టడానికి నాకు పట్టినంత గొడవ, పెద్ద పెద్ద కోటల దగ్గర కూడా పట్టలేదు.

ఏనుగు కూర్చున్న చోటు

గుంటూరు నుంచి ప్రకాశం హద్దువైపు వెళ్లే బస్సు దిగి, వాగు వెంబడి నడిస్తే వచ్చే ఊరది. చుట్టూ కొండ లేదు, గుట్ట లేదు. కనుచూపు మేర నల్లరేగడి. వర్షాకాలంలో ఆ నేలలో కాలు దిగబడుతుంది. ఎండాకాలంలో అదే నేల మనిషి చెయ్యి దూరేంత వెడల్పున నెర్రెలు విచ్చుతుంది. ఈ నెర్రెలను గుర్తుంచుకోండి, ముందు పని ఉంది.

అంతటి చదునులో, వాగు ఒడ్డున, ఒకప్పుడు పెద్ద దిబ్బ ఉండేది. అది మనుషులు పెంచిన దిబ్బ. వాగు పొంగినప్పుడల్లా మునగకుండా, కూలిన గోడ మీదే కొత్త గోడ లేపుకుంటూ, పొయ్యిలోని బూడిదనూ పగిలిన కుండలనూ అక్కడే పారబోసుకుంటూ తరతరాలు బతికితే ఊరు తనంతట తానే పైకి లేస్తుంది. తర్వాత ఆ మనుషులు వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లారో నాకు తెలియదు. తెలుసన్నవారిని కొందరిని కలిశాను, వారికీ తెలియదు. చాలాకాలం తర్వాత వేరే మనుషులు వచ్చి దిబ్బకు కొంచెం ఎడంగా ఇళ్లు కట్టుకున్నారు. అదే ఇప్పటి మిట్టపాడు.

తొంభైల చివర నేను వెళ్లేసరికి దిబ్బ దాదాపు అంతా మాయమై, ఒక ఇల్లు పట్టేంత ముక్క మిగిలింది. పొలాలవైపు దాన్ని గోడలా నిలువుగా కోసి ఉంది. ఆ కోతలో పొరలు ఎంత స్పష్టంగా కనిపించేవంటే, అంగట్లో మడిచి పేర్చిన మంగళగిరి చీరల అంచులే. బూడిద పొర, కాలిన ఎర్రమట్టి నేల, వాగు తెచ్చిన ఒండ్రు, మళ్లీ బూడిద.

ఊరి సర్పంచ్ రామకోటయ్య గారు ఉత్సాహవంతుడు. మొదటి రోజే ఊరి చరిత్ర చెప్పాడు. ఒక మహారాజు దండయాత్రకు పోతూ ఇక్కడ ఆగాడట. పట్టపుటేనుగు కూర్చుని లేవనన్నదట. ఆ చోటే దిబ్బ అయిందట. దిబ్బలోంచి సొరంగం ఉందట.

"ఏనుగు కూర్చుంటే గొయ్యి పడాలి గానీ, మిట్ట ఎట్లా లేచిందండీ?" అని అడిగాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "పెద్ద ఏనుగండీ మేడంగారూ!"

సొరంగం సంగతికి వస్తే, మా రెండు జిల్లాల్లోనూ సొరంగం లేని పాత ఊరు నాకు ఒక్కటీ తగల్లేదు. రేగడిలో తవ్విన సొరంగం ఒక్క వానాకాలం కూడా నిలవదు. ఇది నేను రామకోటయ్య గారితో అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

మొదటి ప్రశ్న

మా పై అధికారి విశ్వనాథం గారు. ఆయనను తిడతానని ఎదురుచూసేవారు నిరాశపడక తప్పదు. కుండ పెంకు అంచును వేలితో తడిమి, అది నీళ్లకుండా, కూడు వండే అటికా, ధాన్యం గాబా చెప్పగలిగిన మనిషి ఆయన తర్వాత నాకు కనబడలేదు. నాకు పెంకులు చదవడం నేర్పింది ఆయనే. ఆయన లోపం ఒక్కటే. ఏం దొరకాలో ముందే నిశ్చయించుకుని జీపెక్కేవారు. రిటైరయ్యేలోపు ఆయనకు ఒక నగరం దొరకాలి.

మిరప కోతలైపోయిన పొలంలోకి దిగి నాలుగడుగులు వేశారో లేదో, ఆయన ముఖం వెలిగిపోయింది. ఎటు చూసినా పెంకులే. ఎర్రవి, నల్లవి, పైన నునుపు పూత ఉన్నవి. ఆ పక్క చేలోనూ, ఇంకా అవతలి చేలోనూ.

"చూశావా అమ్మా? దిబ్బ ఒట్టి శివారు. అసలు నగరం ఇక్కడుంది, ఈ పొలాల కింద."

నేను చూశానన్నాను. పెంకులను చూశాను.

తర్వాత ఆయన దిబ్బ కోత దగ్గరికి వచ్చారు. అప్పటికి ఊరివాళ్లు పోగయ్యారు. ప్రభుత్వపు జీపు, ఖాకీ చొక్కా డ్రైవరు, చేతిలో కొలతల టేపు. ఆయన గొంతు పెంచి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ దిబ్బను తవ్వింది ఎవరు?"

సాంబయ్య అనే మిరప రైతు ముందుకొచ్చాడు. "మాకేం తెలుసండీ. వాగు కోసుకుపోయింది."

"వాగు అటుపక్కన కదా ఉంది?"

"అప్పట్లో ఇటుపక్కనుండేదండి."

"పోనీ, ఈ చేలల్లోకి ఎవరైనా బయటి మట్టి తోలారా?"

"ఒక్క తట్ట కూడా లేదండీ!" అన్నాడు సాంబయ్య. వెనకనుంచి నాలుగైదు గొంతులు వంతపాడాయి. "ఎవరు తోల్తారండీ?" "మాకేం పని?"

పిల్లలూ, ఇది బాగా పట్టుకోండి. మీ మొదటి ప్రశ్న నేరం గురించైతే, ఆ తర్వాత మీకొచ్చేవన్నీ ముద్దాయి జవాబులే. వాళ్లు తమ మీద కేసు రాకుండా అబద్ధం ఆడారు. ఆ అబద్ధం సరిగ్గా మా పెద్దాయనకు కావలసిన నిజమైపోయింది. బయటి మట్టి ఎవరూ తోలకపోతే, పెంకులు ఆ చేలల్లోనే పుట్టాలి. పెంకులు అక్కడే పుట్టాయంటే కింద ఇళ్లుండాలి. అన్ని చేలల కింద ఇళ్లున్నాయంటే అది నగరం.

నగరమైతే రక్షించాలి. ఆయన రాసిన ముసాయిదా ప్రకారం ఆ పొలాలన్నీ రక్షిత స్థలం. లోతు దుక్కి దున్నకూడదు, బోరు వేయకూడదు, చిన్న పాక కూడా లేపకూడదు. ఆ ఊరికి ఆ చేలు తప్ప మరో ఆధారం లేదు. తమను కాపాడుకోవడానికి ఆడిన మాటతోనే వాళ్లు పొలాలు పోగొట్టుకోబోతున్నారు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. సర్పంచ్ మాత్రం మ్యూజియం వస్తుంది, తారురోడ్డు వస్తుంది, టూరిస్టు బస్సులు ఆగుతాయి అని చెప్పుకు తిరుగుతున్నాడు.

కౌలు చేను

నేను చేనుచేనుకూ తాడుతో గళ్లు కట్టి, గడికి ఎన్ని పెంకులున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. విసుగు పని. ఎండ మాడ్చేది. మిరప ఘాటు ఇంకా మట్టిలోనే ఉన్నట్టు ముక్కు మండేది. రెండో వారానికి ఒక వింత బయటపడింది. పెంకులు గట్టు దగ్గర ఆగిపోతున్నాయి.

సాంబయ్య చేలో అడుగు తీసి అడుగు వేస్తే పెంకు. గట్టు దాటితే అవతలి చేలో వెతికినా లేదు. దాని అవతలి గట్టు దాటగానే మళ్లీ పెంకులు. ఎంతో పాత నగరం నిన్నమొన్నటి సర్వే గట్టును గౌరవించి ఆగి, ఒక చేను వదిలేసి, ఆపై చేలో మళ్లీ మొదలైందన్నమాట. అంత మర్యాదగల నగరాన్ని నేను చదువులో ఎక్కడా చూడలేదు.

ఆ అవతలి చేను గట్టు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతుండగా కోటేశ్వరమ్మ వచ్చింది. ఆమె చేను ఆ వరసలోనే ఉంది. పత్తి మీద కాయతొలుచు పురుగు విరగబడిన రోజుల్లో ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి సేద్యం ఆమే చేయించుకుంటోంది. మనిషి పొడగరి, గొంతు అంతకన్నా పొడవు. నాలుగు చేల అవతలున్న కూలీని అక్కడినుంచే పిలిచేది.

"ఎండలో ఏం ఏరుకుంటన్నావమ్మాయ్, చింతగింజలా?"

"పెంకులండీ. ఈ చేలో మాత్రం ఒక్కటీ లేదు. ఈ చేను ఎవరిది?"

"ఆ ఆసామి ఏటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ పనికి పోయాడుగా, ఏళ్లయింది. కౌలుకిచ్చాడు. ఏటికో కౌలుదారు. కౌలు చేనుకి పాటిమన్ను ఎవడు తోల్తాడమ్మా, పిచ్చా?"

అని ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాటిమన్ను అంటే పాత ఊరి దిబ్బ మట్టి. ఎన్నో తరాల బూడిద, పెంట, ఎముకలు కలిసిన మట్టి. మిరపకు దాన్ని మించిన బలం లేదని ఈ ప్రాంతంలో ప్రతి రైతుకూ తెలుసు. నేను పరీక్ష చేసి చూశాను; భాస్వరం విషయంలో వాళ్ల మాట నిజమే. ఒకసారి తోలితే ఏళ్లతరబడి పనిచేస్తుంది. అందుకే సొంత చేనుకు తోలతారు, వచ్చే ఏడు ఎవరి చేతిలో ఉంటుందో తెలియని కౌలు చేనుకు తోలరు. ఆ మట్టితోపాటు పెంకులూ బండెక్కుతాయి. దిబ్బ వాగులో కొట్టుకుపోలేదు. చేలల్లో పరచుకుంది. దానిమీద మిరప పండింది. మిరప గుంటూరు యార్డుకు బస్తాలకెక్కి వెళ్లింది.

"ఎవరికీ చెప్పబోకమ్మాయ్" అంది చివరికి. "పోరంబోకు దిబ్బ అది. అందర్నీ లోపలేస్తారు."

"నేను చెప్పను. మీరు చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం వినండి" అని ముసాయిదాలో ఏముందో చెప్పాను. దున్నకూడదన్న మాట దగ్గర ఆమె లేచి నిలబడింది.

"మా పెంకు మాకే ఉరా?"

మూత

ఒక మనిషి నోరుజారిన మాట సాక్ష్యం కాదు. మట్టి ఏమంటుందో చూడాలి.

విశ్వనాథం గారి దగ్గర గట్టి ఆధారం ఒకటుంది. కోటేశ్వరమ్మ చేలోనే ఆయన తీయించిన పరీక్ష గొయ్యిలో, నడుము లోతున పెంకు దొరికింది. నాగలి అంత లోతు పోదు. కాబట్టి అది పైనుంచి వచ్చింది కాదని ఆయన వాదన. సబబైన వాదనే. నేనైనా అదే అనేదాన్ని, అది రేగడి కాకపోతే.

ఆ గొయ్యి పక్కగోడను నేను కత్తితో చెక్కుకుంటూ వచ్చాను. పెంకు దొరికిన చోట పైనుంచి కిందికి సన్నని చీలిక, వదులు మట్టితో నిండి ఉంది. అది ఎండాకాలపు నెర్రె. నెర్రె విచ్చినప్పుడు పైనున్నది లోపలికి జారుతుంది, వానకు నేల ఉబ్బి మూసుకుంటుంది. చీలిక వెంట ఇంకా కిందికి తవ్వాను. పెంకుకు జానెడు కింద పచ్చరంగు ప్లాస్టిక్ మూత. పురుగుమందు డబ్బాది. ఆ రోజుల్లో పత్తి చేలల్లో ఎక్కడ పడితే అక్కడ దొరికేవి.

చీలికకు అటూ ఇటూ మట్టి ఒకే రంగు, ఒకే నలుపు. బూడిద లేదు, పొయ్యి లేదు, తొక్కిన నేల లేదు. దిబ్బ కోతలో ఉన్నవాటిలో ఒక్క పొర కూడా ఇక్కడ లేదు.

మూతను తీయకుండా, ఉన్నచోటే ఉంచి, పెద్దాయనను పిలిచాను. ఆయన గొయ్యిలోకి దిగి చాలాసేపు చూశారు.

"ఒక్క నెర్రెలో జారి ఉండొచ్చు. నగరమంతా జారలేదుగా?"

"మరి గట్ల దగ్గర ఎందుకు ఆగిందండీ?"

"ఊళ్లోవాళ్లే చెబుతున్నారు, మట్టి తోలలేదని. వాళ్లకన్నా నీకు ఎక్కువ తెలుసా?" చెయ్యి అందిస్తే పట్టుకుని పైకి వచ్చారు. "నీకు చూపుందమ్మా. ఊహ లేదు."

"ఆ పని మీరు చేస్తున్నారు కదండీ" అన్నాను. ఆ మాటకు ఆయన నవ్వలేదు. ఇప్పటికీ అది మంచి మాటేనని నా అభిప్రాయం.

పరదేశపు దిబ్బ

తన ఊరి మట్టిని తానే తవ్వి చేలకు చల్లుకున్న జనం ఇంకెక్కడైనా ఉన్నారా అని గుంటూరులో ఒక కళాశాల గ్రంథాలయంలో వెతికాను. హాలండ్ దేశపు ఉత్తర కొసన, సముద్రం ఒడ్డున, ఫ్రీస్‌లాండ్ అని ఒక ప్రాంతం. ఆటుపోట్లకు నేల మునిగే చోటు. అక్కడి చిన్న చిన్న ఊళ్లవాళ్లు పేడా మట్టీ పోసి దిబ్బలు లేపుకుని వాటిమీద బతికారు. తర్వాతి కాలంలో ఆ దిబ్బల మట్టి పొలాలకు బలమని కనిపెట్టి, తవ్వి పడవలకెత్తి అమ్ముకున్నారు. ఒక ఊళ్లో చర్చి ఒక్కటే ముక్కలాంటి దిబ్బ మీద మిగిలిన ఫొటో ఉంది. దిబ్బ పక్కలు నిలువుగా కోసి ఉన్నాయి. అది చూసి నేను కుర్చీలోంచి లేచాను. అచ్చం మిట్టపాడు.

ఆ ఫొటో జిరాక్స్ తీయించి కోటేశ్వరమ్మకు చూపించాను. ఆమె కాగితం దూరంగా పట్టుకుని పరిశీలించింది.

"ఆళ్లూ మిరపే ఏస్తారా?"

"అక్కడ మిరప పండదండీ. చలిదేశం."

"మరెందుకంట అంత కష్టం?" అని, అసలు సంగతి అడిగింది. "ఆళ్లని లోపలేశారా?"

"వేసినట్టు నేను చదవలేదు."

"నువ్వు చదవంది ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు."

"ఇక్కడ?"

"మన దిబ్బను రక్షిత స్థలమని ఎప్పుడూ ప్రకటించలేదు. కాబట్టి కేసు నిలవకూడదు. కానీ నేను వకీలును కాదు. పెట్టరని మాట ఇవ్వలేను."

ఆమె కాగితం నాకు తిరిగిచ్చింది. "మనిషికి ధైర్యం చెప్పే మనిషివి కాదమ్మాయ్ నువ్వు."

బడి వరండా

ముసాయిదాను ఊరికి చదివి వినిపించడానికి బడి వరండాలో సభ పెట్టారు. రామకోటయ్య గారు పూలదండ తెప్పించాడు. విశ్వనాథం గారు నగరం గురించి మాట్లాడారు. చాలా బాగా మాట్లాడారు; వీధులు, వర్తకులు, నావలు కళ్లకు కట్టాయి. ఊరు చెవులు రిక్కించి వింది. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. నేను గట్ల గురించీ నెర్రె గురించీ మూత గురించీ చెప్పాను. ఎవరికీ నచ్చలేదు. గొప్ప పూర్వీకులను తీసుకుని పురుగుమందు మూత చేతిలో పెడితే ఎవరికి నచ్చుతుంది?

నా తర్వాత ఆయన లేచి ఊరివాళ్లనే అడిగారు. "మీరే చెప్పండి. ఈ దిబ్బ మట్టిని ఎవరైనా మీ చేలకు తోలారా?"

సాంబయ్య పైకప్పు చూస్తున్నాడు. పెద్దాయన నావైపు తిరిగారు, చూశావా అన్నట్టు.

"నేను తోలించుకున్నా."

ఆడవాళ్ల వైపునుంచి వచ్చిందా గొంతు. కోటేశ్వరమ్మ స్తంభం పట్టుకుని లేచి నిలబడింది.

"మా ఊళ్లో ఒక పద్ధతుంది సారూ. రోహిణికార్తెలో దిబ్బ మీదికి బళ్లు కడతాం. ఏ ఇంట్లో ఆ ఏడు మగమనిషి పోతే, మొదటి బళ్లు ఆ ఇంటి చేనుకే పోవాల. ఆ తర్వాతే ఎవరిదైనా. మా ఆయన పోయిన ఏడు ఊరంతా బళ్లు కట్టి నా చేను నింపింది. లేదని ఎట్లా చెప్పను? పోయినోడికి పెట్టిన కూడు లేదని చెప్పినట్టు కాదా?" మగవాళ్లవైపు తిరిగింది. "ఏరా సాంబయ్యా, మొదటి బండి తోలింది నువ్వు కాదా? పైకేం చూస్తావ్, బల్లులున్నయ్యా అక్కడ?"

సాంబయ్య తల దించాడు. తర్వాత ఎత్తాడు. "తోలానండి. అబద్ధమెందుకు? మా నాయన తోలాడు, మా తాత తోలాడు."

"మా బండి ఇరుసు ఇరిగింది ఆ దిబ్బ దగ్గరే" అన్నాడు ఇంకొకడు.

"నీ బండేందిరా, మా ఎద్దులు లాక్కొచ్చాయి నీ బండిని!"

"ఒరేయ్, మీవి ఎద్దులంట్రా?"

వరండా అంతా కేకలు. భయపడుతూ మొదలైన ఒప్పుకోలు కాస్తా, ఎవరు ఎక్కువ తోలారన్న పోటీ అయిపోయింది. రామకోటయ్య గారు దండ చేత్తో పట్టుకుని మధ్యలో నిలబడి, "కూర్చోండ్రా! నగరం పోతందిరా, కూర్చోండ్రా!" అని అరుస్తున్నాడు.

ఇక్కడ మీకొక హెచ్చరిక. అంతకుముందు ఎవరూ తోలలేదు, ఇప్పుడు అందరూ తోలారు. నేను రెంటినీ నమ్మలేదు. మర్నాడు తోలామన్నవాళ్ల చేలు ఒక్కొక్కటీ మళ్లీ నడిచాను. ఒకాయన చేలో తప్ప అందరివాటిలోనూ పెంకులున్నాయి. ఆయన గొప్పకు చెప్పాడు. మీ వాదానికి అనుకూలమైన సాక్ష్యాన్ని ఇంకాస్త గట్టిగా గిల్లి చూడండి. అక్కడే మోసపోతాం.

సంతకం

విశ్వనాథం గారు నివేదిక మార్చలేదు. జనం భావోద్వేగంలో అన్న మాటలకు శాస్త్రీయ విలువ లేదని ఒక వాక్యం మాత్రం చేర్చారు. అదే జనం లేదన్నప్పుడు ఆ మాటకు శాస్త్రీయ విలువ ఎలా వచ్చిందని అడిగాను. ఫ్రీస్‌లాండ్ ఫొటో జతచేస్తే, అంచున "అప్రస్తుతం" అని రాసి వెనక్కి ఇచ్చారు. సాంకేతిక పరీక్ష చేసిన అధికారిగా నా సంతకం కూడా కావాలి. పెట్టనన్నాను.

సముదాయించడానికి వచ్చినవాళ్లు మంచివాళ్లే. "ఒక్క సంతకం మేడం, పెద్దాయన వెళ్లిపోతున్నారు, సంతోషంగా వెళ్లనివ్వండి" అన్నారు. ఒక మనిషి సంతోషానికి ఒక ఊరి పొలాలు ఎక్కువ వెల అని నేనన్నాను. ఇంకొకరు, "నగరం లేదని రుజువేముంది?" అన్నారు. లేదని రుజువు చేయాల్సింది నేను కాదు, ఉందన్నవారు రుజువు చేయాలి. ఈ ఒక్క ముక్క కంఠతా పట్టండి. మీ ఉద్యోగమంతా ఇదే అక్కరకు వస్తుంది.

నా సంతకం లేని నివేదికను పైవాళ్లు తిప్పి పంపారు. ముసాయిదా అక్కడితో ఆగింది. చేలు చేలుగానే మిగిలాయి. కేసులూ పడలేదు. కాస్త కాలానికి నన్ను పెంకుల గదికి మార్చారు. శిక్ష అనుకున్నారు. అక్కడ ఏళ్లతరబడి పేరుకుపోయిన పెంకుల గోతాలు విప్పి, ఏవి పొలం పైనుంచి ఏరినవో, ఏవి పొరల్లోంచి తీసినవో విడదీశాను. అలా విడదీస్తుంటే ఇంకొన్ని నగరాలు కూడా అనుమానంలో పడ్డాయి. ఆ సంగతులు నేను నోట్లు రాసి పంపాను. చదివారో లేదో వారినే అడగండి.

విశ్వనాథం గారు తన వీడ్కోలు సభలో నాతో మాట్లాడలేదు. ఆయన నేర్పిన విద్యనే ఆయన మీద ప్రయోగించానని ఎవరో అన్నారు. విద్య ఉన్నది అందుకే కదా.

మిగిలిన ముక్క

పొలాలను వదిలేసి ఆ దిబ్బ ముక్కను కాపాడండని నేను అర్జీ పెట్టాను. ఆ ఊరి చరిత్రలో చెదరకుండా మిగిలింది అదొక్కటే. నగరం పోయాక మా కార్యాలయానికి ముక్క మీద ఆసక్తి పోయింది. అర్జీకి జవాబు లేదు.

ఆ సంగతి చెబుదామని మిట్టపాడు వెళ్లాను. కోత గోడ ముందు నిలబడి, కోటేశ్వరమ్మకు పొరలు వేలితో చూపించాను. ఇది వాగు పొంగిన ఏడాది. ఇది ఎవరిదో ఇల్లు కాలిన చోటు. ఇది మళ్లీ అలికిన నేల. ఆమె చివరి పొర దగ్గర ఆగింది. వేలు పెట్టలేదు.

"కాలినచోటే మళ్లీ అలికి కూర్చున్నారా?"

"కూర్చున్నారు. ఆ మాట మాత్రం మట్టి గట్టిగా చెబుతోంది."

"అయితే ఇది మేం ముట్టుకోం" అంది. "ఊరికి నేను చెప్తా."

మాట ఇచ్చింది. నేను నమ్మలేదు. రోహిణికార్తె వస్తే, చేను బలం తగ్గితే, ఎదురుగా పాటిమన్ను ఉంటే, ఎంతకాలం ఆగుతారు? కోత గోడ అంచున ఇనప మేకులు దిగ్గొట్టి, కొలతలు తీసుకున్నాను. ఆమె చూస్తుండగానే దిగ్గొట్టాను. ఏటా ఎండలు ముదిరాక సొంత ఖర్చుతో బస్సెక్కి వెళ్లి మళ్లీ కొలిచేదాన్ని. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. పత్తి విత్తనం మారింది. పురుగుమందు డబ్బాల మూతల రంగు మారింది. ఒక్క వానకు దిబ్బ అంచు కొంత జారింది. అది పారతో తీసింది కాదు, జారిందేనని పరీక్షించి మరీ నిర్ధారించుకున్నాను.

రిటైరైన వేసవిలో కూడా వెళ్లాను. ఇప్పుడు ప్రభుత్వంతో నాకు సంబంధం లేదు, టేపు కూడా నాదే. మోకాళ్ల మీద కూర్చుని మేకుల దగ్గర కొలుస్తుంటే వెనకనుంచి నీడ పడింది. జుట్టు పూర్తిగా నెరిసింది గానీ గొంతు తగ్గలేదు.

"ఏమ్మాయ్, ఇంకా నమ్మకం కుదర్లేదా మామీద?"

"లేదండీ."

కోటేశ్వరమ్మ నవ్వింది. వంగి, టేపు రెండో కొస అందుకుని, చివరి మేకు దగ్గర బిగించి పట్టుకుంది.

"మంచిది. వచ్చే ఏడు కూడా రా."